విరిగిన అంచు

"ఇది మనిషి చేత్తో వేసిన పూత కాదమ్మాయ్," అన్నాడు వాటీ గెడ్డెస్, లాప్‌టాప్ తెరకు ముక్కు తగిలేంతగా వంగి. "పంపుతో చిమ్మినట్టుంది. కార్ల షెడ్డుకైతే బ్రహ్మాండంగా ఉంటుంది."

ఇష్‌బెల్ రెనీకి చుర్రుమంది. నాలుగు వారాలుగా ఆమె పిట్‌గార్వీ కోట కింది గదిలో, కమాను కప్పు కింద, ఒక మడత బల్లా ఒక కరెంటు హీటరూ పెట్టుకుని పనిచేస్తోంది. లేజర్ యంత్రాన్ని మూడు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టి కోట చుట్టూ, ఐదంతస్తుల లోపలా తిప్పింది. అది గోడలను కొలిచి నలభై కోట్ల చుక్కలు పోగేసింది. వాటిలోంచి కంప్యూటర్లో గోడలు లేపింది. తర్వాతెప్పుడో మార్చేసిన పైకప్పును పక్కకు నెట్టి, దూలాల గుంతలను బట్టి అసలు కప్పు ఎక్కించింది. నాలుగు వందల ఏళ్ళ కిందట, కొత్తగా కట్టినప్పుడు ఈ కోట ఎలా ఉండేదో చూపించమని ఊరి ట్రస్టు ఆమెకు అప్పగించిన పని. శుక్రవారం సాయంత్రం ఊరి హాల్లో ఆ బొమ్మ చూపించాలి. ఇవాళ మంగళవారం.

ఆ బొమ్మ ఉత్త బొమ్మ కాదు. మరమ్మతు దాని ప్రకారమే జరుగుతుంది. బొమ్మలో ఉత్త రాయి ఉంటే సందులు పూడ్చి చేతులు దులుపుకుంటారు. సున్నపు పూత ఉంటే పూత వేస్తారు. ఐదో అంతస్తులో చెక్క కప్పు మీద నాలుగు శతాబ్దాల నాటి బేరిపళ్ళూ పిట్టలూ బూర ఊదే కుందేలూ ఉన్నాయి. గోడల్లోంచి దిగే నీటికి అవి ఒక్కొక్కటే కరిగిపోతున్నాయి. పోయిన శరదృతువులో ఒక పిట్ట తల పోయింది. పూత లేకపోతే ఇంకో పది చలికాలాలు, అంతే అన్నాడు చూసి వెళ్ళిన ఇంజనీరు.

పూత ఉండేదని ఇష్‌బెల్ నమ్మకం. రుజువు మాత్రం లేదు. పాత ఫొటోలన్నిటిలోనూ కోట ఐవీ తీగలో మునిగి ఉంది. తీగ పీకాక తీసిన ఫొటోలన్నిటిలోనూ ఉత్త రాయే.

"మరి ఎలా ఉండాలంటారు?" అంది.

"విసరాలి." వాటీ నలభై ఏళ్ళు ఇళ్ళకు పూతలు వేసిన మేస్త్రీ. ఇప్పుడు కోట తాళాలు ఆయన దగ్గరుంటాయి. రోజూ పొద్దున్నే తలుపు తీసి, టీ తాగే నెపంతో ఆమె భుజం మీదుగా తెరలోకి తొంగిచూస్తూ గంటసేపు నిలబడతాడు. "సున్నం, ఇసుక, గులకరాయి కలిపిన ముద్దను తాపీ మీదకు తీసుకుని మణికట్టుతో గోడకేసి కొట్టాలి. విసనకర్ర విప్పినట్టు పరుచుకుంటుంది. ఒక విసురు అంచు మీద ఇంకోటి పడాలి. నీ దాంట్లో అన్నీ ఒకేలా ఉన్నాయి. పైగా మందం అంతటా ఒకటే పెట్టావు. మెట్ల బురుజు మలుపు దగ్గర ఇంతుండాలి." బొటనవేలి కణుపు దాకా చూపించాడు. "అక్కడ రాళ్ళు లోపలికి నొక్కుకుపోయాయి. పూడ్చడానికి దట్టంగా వేశారు."

"వేశారా? మీకెలా తెలుసు?"

వాటీ వేలు మడిచేశాడు. "మా నాన్న చెప్పేవాడు," అన్నాడు, తాళాల గుత్తి జేబులో వేసుకుంటూ.

ఆ మధ్యాహ్నం ఇష్‌బెల్ కెమెరా పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళింది. పెరటి తలుపు నుంచి బట్టల తీగ దాకా నాచు పట్టిన పలకల బాట, దానికి రెండు వైపులా ఉల్లికాడల మడి, చివర ఇటుకల షెడ్డు. వాటీ అప్పటికే షెడ్డు వెనక గోడ తడిపి ఉంచాడు. బకెట్లో ముద్ద కలిపి, వేళ్ళతో నలిపి చూసి, మళ్ళీ గుప్పెడు గులక వేశాడు.

"దూరంగా నించో. కోటు పాడైతే నన్ననొద్దు."

తాపీ ఎడమచేతిలోకి తీసుకున్నాడు. మోచెయ్యి కదలలేదు. మణికట్టును ఒక్కసారి విదిల్చాడు. ఫట్‌మని ముద్ద గోడకు అతుక్కుంది. ఇంకోటి. ఇంకోటి. అరవయ్యారేళ్ళ మనిషి, మెట్లెక్కితే ఆయాసపడే మనిషి, ఇక్కడ మాత్రం ఊపిరి లెక్క తప్పలేదు. గులకరాళ్ళన్నీ కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా, గాలికి పడుకున్న గడ్డిలా నిలిచాయి.

"రిటైరయ్యాక కూడా గోడలు పాడుచెయ్యడం మానవేంట్రా?" కంచె అవతల నుంచి డోడీ మిల్న్ తల పెట్టాడు. ఊరి బౌలింగ్ క్లబ్బులో వాటీకి యాభై ఏళ్ళ జోడీ ఆయన.

"నీ మొహానికి కూడా ఒక పూత కావాలా? ముద్ద మిగిలింది."

"నీ ఎడమచేతి పూత నాకొద్దు. మీ మేస్త్రీ ఏమనేవాడు? వీడు పూస్తే గోడ కూడా వెనక్కి తిరిగి నించుంటుంది అనేవాడు కాదూ?"

వాటీ నవ్వాడు. ఇష్‌బెల్ మాత్రం గోడ దగ్గరకు వెళ్ళి ఆ చాపెడు మేర పూతను రెండు వందల వైపుల నుంచి ఫొటోలు తీసింది.

బుధవారం పొద్దున ట్రస్టు అధ్యక్షురాలు మురియల్ డర్నో వచ్చింది. ముప్పయ్యేళ్ళు ఊరి పోస్టాఫీసు నడిపిన మనిషి. ఎవరితోనైనా స్టాంపు తడిపి అంటించినట్టే మాట్లాడుతుంది. సంచిలోంచి ఒక తువ్వాలు తీసి బల్ల మీద పరిచింది. కోట చూడ్డానికొచ్చేవాళ్ళకు ట్రస్టు అమ్మే, గిన్నెలు తుడుచుకునే తువ్వాలు. దాని మీద బూడిదరంగు రాతి కోట, పైన పిడుగు.

"ఇదీ మన కోట. జనం దీన్ని చూడ్డానికే వస్తున్నారు. నువ్వు దానికి పూతా గీతా పూసి ఐస్‌క్రీం బండిలా తయారుచేస్తానంటే నేనొప్పుకోను తల్లీ."

"మొదట్లో ఎలా ఉండేదో చూపించమన్నది మీరేగా, మిసెస్ డర్నో."

"చూపించు. రుజువుతో చూపించు. పూత ముక్క ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నా చేతిలో పెట్టు. లేదా చూసినవాళ్ళని తీసుకురా. ఇవేవీ లేకుండా నీకు అనిపించిందని కోటకు కోటు తొడగడం కుదరదు."

"వాటీ గారి నాన్న చూసినట్టున్నారు. పూతల మేస్త్రీ కదా ఆయన కూడా."

మురియల్ కళ్ళజోడు పైనుంచి చూసింది. "అలెక్ గెడ్డెసా? అలెక్ జన్మలో తాపీ పట్టుకోలేదు. బేకరీ బండి తోలేవాడు. కోట వైపు వెళ్ళడమంటే దొరగారింటికి వెన్న రొట్టెలు వెయ్యడానికే." తువ్వాలు జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టింది. "ఎందుకడిగావు?"

"ఊరికే."

ఆమె వెళ్ళాక ఇష్‌బెల్ మళ్ళీ తెర ముందు కూచుంది. బొటనవేలి కణుపు. లోపలికి నొక్కుకుపోయిన రాళ్ళు. కంప్యూటర్లో మెట్ల బురుజును దగ్గరకు లాగి, మలుపు దగ్గర అడ్డంగా కోసి చూసింది. రాళ్ళు నిజంగానే లోపలికి నొక్కుకుపోయి ఉన్నాయి, సరిగ్గా బొటనవేలి కణుపంత. కింద నిలబడి చూస్తే కంటికి ఆనే తేడా కాదది. ఎత్తు ముప్పయ్యడుగులు. అక్కడికెక్కి చెయ్యి పెట్టి చూసినవాడికే తెలియాలి.

ఇంకో పని చేసింది. తెరలోని సూర్యుణ్ణి జరిపి గోడకు పక్కవాటుగా, దాదాపు ఆనించినట్టు పెట్టింది. నిజం ఎండ ఏ రోజూ ఆ గోడ మీద అలా పడదు. నీడలు సాగాయి. రాళ్ళ మీద లేవనుకున్న గీతలు లేచి వచ్చాయి: వేలెడు పొడవు, వందలు, వేలు. శానంతో, అంటే పెద్ద ఉలితో, కొట్టిన దెబ్బలు. రాతిని చెక్కిన గుర్తులు కావు. అవి ఒక వరసలో ఉంటాయి. ఇవి రాతికి అంటిన దేన్నో పెకలించిన గుర్తులు. కొత్తవి, అంచులు ఇంకా అరగలేదు.

ఉత్తరం వైపూ తూర్పు వైపూ దెబ్బలన్నీ ఒక పక్కకు వాలి ఉన్నాయి. పడమట, మెట్ల బురుజు మీద, ఎదురు పక్కకు వాలి ఉన్నాయి.

ఇద్దరు మనుషులు. ఒకడిది కుడిచేతి వాటం. ఇంకొకడిది ఎడమచేతి వాటం.

గురువారం వాటీ తలుపు తీసి టీకి ఆగకుండానే వెళ్ళిపోయాడు. ఇష్‌బెల్ లాప్‌టాప్ చంకలో పెట్టుకుని ఆయన పెరటికే వెళ్ళింది. ఉల్లికాడల మడిలో మోకాళ్ళ మీద ఉన్నాడు. బోర్లించిన బకెట్ మీద లాప్‌టాప్ పెట్టి గోడ చూపించింది.

వాటీ చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. ఒక గీతను వేలితో తాకబోయి, తెర అని గుర్తొచ్చి ఆగాడు.

"ఇంత బాగా కనిపిస్తుందని ఎవరనుకున్నారు?" అన్నాడు చివరికి. "డెబ్బయ్యారు వేసవి. ఆ ఏడు వాన జాడే లేదు. నాకు పదిహేడు. తీగ పీకమని పని. తీగ పీకడానికే సర్కారు అనుమతి. పీకితే లోపల పూత. చెక్కుచెదరని పూతమ్మాయ్, అంత తీగ కిందా. పాత దొర వచ్చి చూశాడు. మురికి దుప్పటి కప్పినట్టుంది, తీసెయ్యండి, జనానికి రాయి కావాలి అన్నాడు. గోడ చుట్టూ నిలబెట్టిన కర్రల సారువకు మా మేస్త్రీ గుడ్డ కట్టించాడు, ఎవరికీ కనబడకుండా. రెండు వారాలు కొట్టాం. ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పలేదు."

"నెట్టా గారికి కూడానా?"

ఇష్‌బెల్‌కు ఆ పేరు తెలుసు. మెట్ల మొదట్లో చిన్న ఇత్తడి రేకు మీద ఉంది. కోటను పంతొమ్మిదేళ్ళు కనిపెట్టుకుని ఉన్న మనిషి, వాటీ భార్య, చనిపోయి మూడేళ్ళయింది.

"పై గదిలో బకెట్లు పెట్టేది. వానాకాలం మొత్తం. నిండితే తనే దించేది, తొంభై రెండు మెట్లు. ఆ కుందేలంటే దానికి ప్రాణం. పాపం కోటకు వయసైపోయింది వాటీ, అనేది. నేనేమీ అనేవాణ్ణి కాదు. సగం బకెట్లు నేను మోసేవాణ్ణి." లేచి మోకాళ్ళు పట్టుకున్నాడు. "రేపు హాల్లో నా పేరెత్తకు. చచ్చిపోయిన మనిషి చేత అన్నేళ్ళు నీళ్ళు మోయించానని ఊరంతా అనుకుంటే... వద్దమ్మాయ్."

"మీరు లేకపోతే నా దగ్గర గీతలే. చూసినవాళ్ళు కావాలంటుంది మిసెస్ డర్నో."

"తెల్లగా ఉండేది. అది మాత్రం రాసుకో. దుప్పట్లా తెలుపు."

"తీసిన పూత ఏం చేశారు?"

వాటీ బట్టల తీగ వైపు చూశాడు. ఆ తీగకు ఒకే ఒక్క చొక్కా వేలాడుతోంది. "ట్రాక్టర్లో పోశాం," అన్నాడు. "ఎవరికి తెలుసు."

ఇష్‌బెల్ మాటిచ్చింది. ఇచ్చాక, కోటకు తిరిగి నడుస్తుంటే, ఆ మాట కాలి చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

శుక్రవారం సాయంత్రం ఆరింటికే హాలు నిండింది. టీ బాయిలరు సలసలా మరుగుతోంది. మురియల్ మొదటి వరసలో, తువ్వాళ్ళ కట్ట పక్క కుర్చీలో. వాటీ చివరి వరసలో, డోడీ పక్కన, టోపీ ఒళ్ళో పెట్టుకుని.

ఇష్‌బెల్ దీపాలు తగ్గించి కోటను తెర మీద తిప్పింది. అందరూ ముందుకు వంగారు. పైకప్పు చూసి ఎవరో ఈలేశారు. తర్వాత పక్కవాటు వెలుగులో గోడ చూపించింది. శానం దెబ్బలు చూపించింది. "ఇక్కడ పూత ఉండేది. మనుషులే తీశారు. ఇద్దరు," అంది.

"ఎవరా ఇద్దరు?" అంది మురియల్.

"చెప్పలేను."

"తెలియదా, చెప్పవా?"

"చెప్పలేను మిసెస్ డర్నో."

"పడమటి గీతలు ఎదురు పక్కకు వాలాయి, ఒకడెవడో పుర్రచేతివాడిలా ఉన్నాడే," అన్నాడు డోడీ నవ్వుతూ. "నేను కాదు, నాకు నిచ్చెనంటే భయం..." తన మాట తనకే వినబడి, పక్కకు చూసి, నోరు మూసుకున్నాడు. డోడీ కుడిచేతి వాటం. ఆ సంగతి హాల్లో అందరికీ తెలుసు. పుర్రచేతివాడెవడో కూడా తెలుసు.

వాటీ లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఇష్‌బెల్ పేరెత్తనని మాటిచ్చింది, ఎత్తలేదు కూడా. కానీ ఎత్తినట్టే అయింది. ఆ తర్వాత మురియల్ అడిగినవాటికి ఏదో చెప్పింది. గీతలు రాళ్ళు చెక్కినవాళ్ళవి కావచ్చు అన్నారొకరు. పూత విక్టోరియా రాణి కాలంలో వేసింది కావచ్చు అన్నారింకొకరు. ఇరవై నిమిషాలు గడిచాయి.

"సరే," అంది మురియల్, గోధుమరంగు కోటు సర్దుకుంటూ. "ఉత్త రాయి ఉంచుదామనేవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేవడం మొదలయ్యాయి. అప్పుడే తలుపు దఢాలున తెరుచుకుంది. ముందు ఒక చక్రం కనబడింది. తర్వాత తోపుడుబండి. దాని వెనక వాటీ, మోకాళ్ళ దాకా మట్టి, ముఖం ఎర్రగా. కొత్తగా పాలిష్ పట్టిన చెక్క నేల మీద చక్రం బురద చార గీసుకుంటూ మధ్య నుంచి ముందుకొచ్చింది.

"నేల!" అంది మురియల్.

"తుడుస్తాలే." బండి ఆపి ఒక పలకను బల్ల మీద పెట్టాడు, తువ్వాళ్ళ పక్కనే. అరచేయి మందం, నాచు, మట్టి. ఇష్‌బెల్ ఎక్కడో చూసినట్టుంది దాన్ని. పెరటి తలుపు నుంచి బట్టల తీగ దాకా.

"ముక్క అడిగావు మురియల్. ఇదిగో ముక్క. చూసినవాణ్ణి కూడా అడిగావు." టోపీ తీశాడు. "డెబ్బయ్యారులో పడమటి గోడ నేను కొట్టాను. మిగతాది మా మేస్త్రీ. ఒక ట్రాక్టరు లోడుతో మా అమ్మ పెరట్లో బాట వేయించాను. పెళ్ళయ్యాక నెట్టా దాని మీదే నడిచేది, ఆ తడిబట్టలన్నీ పట్టుకుని. ఒక్కరోజూ చెప్పలేదు. ఇవాళ మీకు చెప్తున్నాను. సిగ్గుగానే ఉంది."

డోడీ చివరి వరస నుంచి లేచి వచ్చి, అడక్కుండానే, బండిలోంచి రెండో పలక ఎత్తి మొదటి దాని పక్కన పెట్టాడు. తర్వాత మూడోది.

ఇష్‌బెల్ పలకను టీ గిన్నెల తొట్టి దగ్గరకు తీసుకెళ్ళి కడిగింది. ఒక వైపు రాతి అచ్చు. ఇంకో వైపు తెలుపు. వాటీ చెప్పిన తెలుపే. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి ఆయన చేతికిచ్చింది.

"విరవండి."

"ఏంటి?"

"మీకు అలవాటేగా. విరవండి."

హాల్లో ఎవరో నవ్వాపుకున్నారు. వాటీ పలక అంచును బల్ల మూలకు ఆనించి ఎడమ అరచేత్తో ఒక్క గుద్దు గుద్దాడు. పెళుక్కున విరిగింది. ఇష్‌బెల్ విరిగిన అంచును దీపం కిందకు జరిపి భూతద్దం పెట్టింది. చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత భూతద్దాన్ని వాటీకిచ్చి పక్కకు తప్పుకుంది.

పైన తెలుపు, కాగితాలు దొంతరగా పేర్చినట్టు పొర మీద పొర, పాతిక ముప్పై దాకా. వాటి కింద సన్నటి పసుపు. దాని కింద, గులకను అంటిపెట్టుకుని, అన్నిటికంటే మొదట వేసింది: లేత జేగురు రంగు. వంట పొయ్యి వెలుగు గోడ మీద పడ్డట్టుంది.

"తెలుపు కాదు," అన్నాడు వాటీ.

"చివరి రెండు వందల ఏళ్ళూ తెలుపే. మీరు చూసింది నిజమే."

"రెండు వారాలు చేత్తో విరిచానమ్మాయ్. ఒక్కసారి... విరిగిన చోటు ఒక్కసారి చూడలేదు."

మురియల్ వచ్చి భూతద్దం తీసుకుంది. చూసింది. కళ్ళజోడు తీసి మళ్ళీ చూసింది. తువ్వాళ్ళ కట్ట వైపు ఒకసారి చూసింది. "నాలుగొందలు అచ్చేయించాను," అంది, ఎవరితోనూ కాదు. తర్వాత సభ వైపు తిరిగి, స్టాంపు అంటించే గొంతుతోనే అంది: "ఇందాక ఎత్తిన చేతులు చెల్లవు. మళ్ళీ మొదట్నుంచి. మిస్టర్ గెడ్డెస్, మీరు ముందు నేల తుడవండి."

రెండోసారి చేతులు పూతకే లేచాయి. ఆదివారం మధ్యాహ్నానికి బొమ్మ తయారైంది. ఇష్‌బెల్ వాటీని కింది గదిలోకి పిలిచి మడత బల్ల ముందు కూచోబెట్టింది. తెర మీద కోట లేత జేగురు రంగులో, చుట్టూ ఏప్రిల్ పచ్చికలో, తిరిగింది. ముందు తూర్పు, తర్వాత ఉత్తరం. పడమటి వైపు రాగానే వాటీ ముందుకు వంగాడు, ముక్కు తగిలేంతగా.

గులకరాళ్ళు కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా ఉన్నాయి. విసురు మీద విసురు, విసనకర్రలు పరిచినట్టు, నేల నుంచి కప్పు దాకా.

"ఎవరు విసిరారిది?" అన్నాడు మెల్లగా.

"మీరే. మీ షెడ్డు గోడ ఫొటోల్లోంచే తీసుకున్నాను. నాలుగు వైపులా అదే."

వాటీ తన ఎడమచేతిని తిప్పి చూసుకున్నాడు, అది ఇంకెవరిదో అయినట్టు. గోళ్ళ సందుల్లో ఇంకా బాట తవ్విన మట్టి ఉంది. హీటర్ చిటపటమంది. పైన, ఐదో అంతస్తులో, ఎక్కడో నీటి చుక్క బకెట్లో పడ్డ చప్పుడు వినబడింది. ఇద్దరూ తలెత్తి మళ్ళీ దించారు.

వాటీ చెయ్యి చాపి మెట్ల బురుజు మలుపు మీద వేలు పెట్టాడు. ఈసారి తెరని నిజంగానే తాకాడు.

"ఇక్కడ చాల్లేదమ్మాయ్," అన్నాడు. "ఇంతుండాలి." బొటనవేలి కణుపు దాకా చూపించాడు. వేలు మడవలేదు, ఆమె కొలుచుకునేదాకా.